తాడు ఎవరి చేతిలో ఉంది?

అడవి జాబులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే అడిగాయి. అడవి గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి, మనసుకు ధైర్యం రావాలి అని. నల్లమలలో ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను కదా, అలాంటి మాటలు నా దగ్గర మూటకట్టి ఉంటాయని మీ నమ్మకం. 1988లో ఫారెస్ట్ గార్డుగా చేరి, సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరై, ఇప్పుడు కర్నూలులో కుండీల్లో తులసి పెంచుకుంటున్నాను. మూట విప్పి చూస్తే ఉన్నవి ఎక్కువగా నేను తిన్న చీవాట్లే. వాటిలోంచే ఏరి పంపుతున్నాను.

*

"సార్, మాది ఏజెన్సీలో చిన్న బడి. వనమహోత్సవానికి గోడ మీద అడవి గురించి పది సూక్తులు రాయిద్దామనుకున్నాం. నెట్‌లో దొరికినవన్నీ ఒకేలా ఉన్నాయి. ఎవరన్నారో, అసలు అన్నారో లేదో కూడా తెలియడం లేదు. మీరు పది పంపగలరా?"
ఒక టీచరమ్మ, భద్రాచలం దగ్గర

పది ఎందుకమ్మా? పిల్లలు ఒక్కటీ చదవరు. మూడు చాలు. ఎవరన్నారో, ఏ పూట అన్నారో తెలిసిన మూడు.

మొదటిది రాజస్థాన్‌ది. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే ఊరికి రాజుగారి మనుషులు గొడ్డళ్ళతో వచ్చారు. కోట కట్టడానికి సున్నం కాల్చాలి, దానికి కట్టెలు కావాలి. అమృతాదేవి అనే బిష్ణోయి ఇల్లాలు చెట్టును వాటేసుకుంది. "తల పోయి చెట్టు నిలిచినా ఆ బేరం చౌకే" అంది. తల పోయింది. ఆమె వెనక ముగ్గురు కూతుళ్ళు, వాళ్ళ వెనక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, మొత్తం 363 మంది ప్రాణాలిచ్చారు. మీ పిల్లలకు ఇందులో ముఖ్యంగా చెప్పాల్సింది ఆ చెట్టేమిటో. వాళ్ళు ఖేజ్రీ అనేది మన జమ్మే. దసరా నాడు పెద్దలకు కాళ్ళకు మొక్కి చేతిలో పెట్టే ఆకు. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. ఆ సంగతి తెలిశాక ఖేజర్లీ ఎక్కడో దూరంగా ఉన్న ఊరులా అనిపించదు.

రెండోది హిమాలయాల్లో రేణి అనే పల్లెది. 1974 మార్చి 26న మగవాళ్ళంతా పరిహారం డబ్బుల కోసం చమోలీకి పోయిన రోజు చూసుకుని చెట్లు కొట్టడానికి కూలీలు వచ్చారు. గౌరాదేవి అనే నడివయసు ఆమె మరో ఇరవై ఏడు మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఎదురు వెళ్ళింది. ఆమె అన్నది ఒకే మాట: "ఈ అడవి మా పుట్టిల్లు." దీన్ని పెద్ద అక్షరాలతో రాయించండి. మన ఆడపిల్లలకు ఈ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు.

మూడోది మీ పక్క జిల్లా మనిషిది. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో వనజీవి రామయ్యగారు మెడలో ఒక బోర్డు తగిలించుకుని తిరిగేవారు. దాని మీద "వృక్షో రక్షతి రక్షితః" అని ఉండేది. సైకిలు మీద విత్తనాలు మోసుకుపోయి ఖాళీ కనిపించిన చోటల్లా చల్లేవారు. కోటికి పైగా మొక్కలు పెంచిన మనిషిగా 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో పోయారు. ఆ శ్లోకం ముక్కను ఎన్నో ఆఫీసు గోడల మీద చూశాను, ఎవరూ తలెత్తి చూడగా చూడలేదు. ఆయన మెడలో ఉన్నప్పుడు మాత్రం చదివారు.

నాలుగో చోటు గోడ మీద ఖాళీగా ఉంచండి. మీ పిల్లల్ని ఇంటికెళ్ళి నానమ్మనో అమ్మమ్మనో అడిగి, అడవి గురించి ఆమె చెప్పిన ఒక మాట పట్టుకు రమ్మనండి. కోయలో చెబితే కోయలోనే, తెలుగు అక్షరాల్లో రాయించండి. ఆ మాట పనికొచ్చేదిగా ఉంటుందని నాది పూచీ. 2024 మార్చిలో పాపికొండల నేషనల్ పార్కులో అధికారులు ఒక నల్లమద్ది బెరడు మీద గాటు పెడితే కుళాయి తిప్పినట్టు నీళ్ళు చిమ్మాయి. ఆ వీడియో ఊరంతా తిరిగింది, వింత అన్నారు. కొండరెడ్లకు అది వింత కాదు. ఏ మద్ది కడుపుతో ఉన్నట్టు బెరడు ఉబ్బి ఉంటుందో వాళ్ళ పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పారు. (పిల్లల్ని మాత్రం గాటు పెట్టనివ్వకండి. ఒకడు పెడితే బడి మొత్తం పెడుతుంది.)

*

"అన్నా, నాకు 27 ఏళ్ళు. నాలుగేళ్ళుగా గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. మూడుసార్లు పోయింది. చైనా వెదురు విత్తనం నాటితే ఐదేళ్ళు మొలకే రాదంట, ఐదో ఏడు ఆరు వారాల్లో ఎనభై అడుగులు పెరుగుతుందంట, ఒక మోటివేషన్ వీడియోలో విన్నా. అది తలుచుకునే ఇన్నాళ్ళూ లాక్కొచ్చా. మొన్న రూమ్మేట్ అదంతా ఉత్తిదే అన్నాడు. మీరు చెప్పండి."
ఒక అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

నీ రూమ్మేట్ చెప్పిందే నిజం తమ్ముడూ. ఐదేళ్ళు మట్టిలో మొలకెత్తకుండా ఉన్న విత్తనాన్ని మా నర్సరీలో అయితే చచ్చిందని రాసి పారేసేవాళ్ళం. ఆ కథ చెప్పేవాళ్ళెవరూ వెదురు నారుమడి చూసి ఉండరు.

నేను చూసింది చెబుతాను. వెదురు గింజ వడ్లగింజలా ఉంటుంది. తడి తగిలిన రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. మొలిచింది గడ్డిపరకలా ఉంటుంది, గొర్రె కొరికితే అయిపోయినట్టే. మరుసటి వానలకి పక్కన ఇంకో పిలక వేస్తుంది, అది అగ్గిపుల్ల కంటే కాస్త లావు. ఆ పై ఏడు పెన్సిలంత. ఆ పై ఏడు బొటనవేలంత. కింద దుంప బలిసేకొద్దీ పైన పిలక లావెక్కుతూ పోతుంది. నిండు బొంగులు రావడానికి ఐదారేళ్ళు పట్టే మాట నిజమే. ఆ ఐదారేళ్ళూ అది దాక్కుని మాత్రం కూర్చోదు, ఏడాదికొకసారి లెక్క చూపిస్తూనే ఉంటుంది. తరవాత ఒక వానాకాలంలో నేలలోంచి కొమ్ము పొడుచుకొస్తుంది. గిరిజనులు కూర వండుకునే వెదురు కొమ్ములు అవే. ఆ కొమ్ము ఎంత లావుతో పైకొచ్చిందో అదే దాని లావు, ఇక జన్మలో లావెక్కదు. రెండు మూడు నెలల్లో నిలువునా తన ఎత్తు తను ఎదిగిపోతుంది. చూడ్డానికి అద్భుతంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఉదయం నా భుజం దాకా ఉన్నది నాలుగు రోజులకి తలెత్తి చూడాల్సి వచ్చేది.

కాబట్టి నీ ప్రశ్నకు నా ప్రశ్న: నీ పిలకలు లావెక్కుతున్నాయా? మూడుసార్లు పోయింది అని రాశావు గానీ మూడుసార్లూ ఎన్నేసి మార్కులు వచ్చాయో రాయలేదు. మొదటిసారి అగ్గిపుల్ల, రెండోసారి పెన్సిలు, మూడోసారి బొటనవేలు అయితే టెన్షన్ పడకుండా నాలుగోసారి కూర్చో. మూడుసార్లూ అగ్గిపుల్లే అయితే ఎవరి వీడియో చూసీ ఉపయోగం లేదు.

ఇంకొకటి. మా నర్సరీలో టేకు విత్తనం, ఇప్ప విత్తనం పక్కపక్కన ఉండేవి. టేకు గింజ మహా మొండిది. రాత్రి నానబోసి, పగలు ఎండబోసి, అలా వారం పది రోజులు ఏడిపించి చల్లితేనే మొలుస్తుంది. అప్పుడు కూడా అన్నీ ఒక్కసారి మొలవవు. కొన్ని మరుసటి ఏడు వానలకి లేస్తాయి, అందుకని మడి వెంటనే తవ్వెయ్యనివ్వరు. ఇప్ప గింజ అలా కాదు. రాలిన కొద్ది వారాల్లోనే మట్టిలో పడాలి, దాచిపెడితే చచ్చిపోతుంది. మొదటి ఏడు నేను తెలియక ఇప్ప గింజల్ని కూడా టేకు గింజల్లా సంచిలో పోసి అటక మీద పెట్టాను. రేంజర్‌గారు ఏమన్నారో ఇక్కడ అచ్చు వెయ్యరు.

నువ్వు ఏ గింజవో నాకు తెలియదు. పొద్దున ఏదైనా ఉద్యోగం చేస్తూ సాయంత్రం చదవగలవేమో చూడు. ఇంకా ఎన్ని అటెంప్టులో ఒక అంకె వేసుకుని, కాగితం మీద రాసి, మీ నాన్నగారికి ఇవ్వు. ఆయన దగ్గర ఉంటే నువ్వు దాన్ని దిద్దలేవు.

*

"అంకుల్, నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. పాటలు రాస్తాను గానీ ఎవరికీ చూపించను. మా అక్క నన్ను 'అడవి గాచిన వెన్నెల' అంటుంది. వృథా అని దానర్థం అట. బాధగా ఉంది."
డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

మీ అక్కది తప్పు కాదు, సామెతదే. తెలుగులో అడవి పేరు చెప్పిన మాటలు చూడమ్మా: అరణ్యరోదన, అడవుల పాలు, అడవి గాచిన వెన్నెల. ఊళ్ళో కూర్చుని అడవిని తలుచుకుని భయపడ్డవాళ్ళ మాటలివి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెన్నెల రాత్రి ఇప్పచెట్టు కింద ఒక్కసారి కూర్చున్నవాడైతే అలా అనడు. తెల్లవారుజాముకి పువ్వు టపటపా రాలుతుంది. అంతకుముందే గబ్బిలాలు వచ్చి తేనె తాగి పోతాయి. దుప్పులు వస్తాయి, ఎలుగుబంటి వస్తుంది, చీకటితోనే గంపలు పట్టుకుని గూడెం ఆడవాళ్ళు వస్తారు. ఆ వెన్నెలకి ఎంతమంది గిరాకీ ఉన్నారో లెక్కపెట్టలేం.

ఒక పాట మాత్రం ఎవరికైనా చూపించు. అక్కకే చూపించు.

*

"మావారు పోయి ఏడాదిన్నర అయింది. పిల్లలిద్దరూ డాలస్‌లో ఉంటారు. మోడు కూడా చిగురిస్తుంది, ధైర్యంగా ఉండండి అని కనిపించిన ప్రతివాళ్ళూ అంటున్నారు. వినీ వినీ విసుగొచ్చేసింది. మీరు అడవిలో పనిచేశారు కదా, నిజం చెప్పండి. మోడు చిగురిస్తుందా?"
ఒక గృహిణి, 58 ఏళ్ళు, హైదరాబాద్ (పుట్టింది మహబూబ్‌నగర్)

అన్ని మోళ్ళూ చిగురించవమ్మా. నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

మే నెలలో మా అడవికి వస్తే మీకు అన్నీ మోళ్ళే కనిపిస్తాయి. వాటిలో చచ్చినవి కొన్ని, ఆకు రాల్చి ఊరికే నిలబడ్డవి మిగతావి. దూరం నుంచి తేడా తెలియదు. మేం ఏం చేస్తామంటే దగ్గరికి వెళ్ళి, లేత కొమ్మ మీద బెరడును గోటితో గీరి చూస్తాం. కింద గోధుమరంగు పొడి రాలితే అది కట్టె. సన్నగా పచ్చ గీత, కాస్త తడి తగిలిందా, అది బతికే ఉంది, వాన కోసం చూస్తోంది. "వినీ వినీ విసుగొచ్చేసింది" అని రాశారు చూశారూ, ఆ వాక్యం దగ్గర నా గోటికి పచ్చ తగిలింది.

మీది మహబూబ్‌నగర్ కాబట్టి చిన్నప్పుడు పిల్లలమర్రి కింద ఆడుకునే ఉంటారు. ఏడు వందల ఏళ్ళ చెట్టని చెప్పుకుంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు లోపల్నుంచి తినేశాయి, పైన చూస్తే ఆకు పచ్చగానే ఉంది. చెట్టు పని అయిపోయిందనుకున్నారు. 2018లో ఆసుపత్రిలో మనిషికి ఎక్కించినట్టే కొమ్మలకు వరసగా సీసాలు వేలాడదీసి, సన్నటి గొట్టాలతో చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు. వాలిపోతున్న కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఊడలు నేల దాకా దిగేలా వాటికి పైపులు తొడిగి, లోపల మట్టీ ఎరువూ నింపారు. పత్రికల్లో ఆ ఫొటో చూసి నవ్వినవాళ్ళున్నారు, చెట్టుకి సెలైనా అని. చెట్టు నిలబడింది.

అంత పెద్ద చెట్టు కూడా దిమ్మెలు వద్దని అనలేదు. మీరు పిల్లలు డాలస్ నుంచి ఫోన్ చేసినప్పుడు "నేను బాగానే ఉన్నాను" అని పెట్టేస్తారని నా అనుమానం. ఈ ఆదివారం బాగోలేదని చెప్పి చూడండి. వీలైతే ఒకసారి మహబూబ్‌నగర్ వెళ్ళి రండి, బస్సులో రెండున్నర గంటలు.

*

"మా కంపెనీవాళ్ళు టీమ్ బిల్డింగ్ అని వికారాబాద్ అడవికి తీసుకెళ్ళి, తలా ఒక చెట్టును కౌగిలించుకుని కళ్ళు మూసుకోమన్నారు. భయాలు పోయి కాన్ఫిడెన్స్ వస్తుందట. నిజమేనా?"
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

కళ్ళు మూసుకోకండి. ముందు ఎర్రచీమలున్నాయేమో చూసుకోండి, పక్కన దూలగొండి తీగ పాకిందేమో చూసుకోండి, అది నల్లజీడి కాదు కదా అని తెలిసినవాణ్ణి అడగండి. నల్లజీడి పాలు తగిలితే వారం రోజులు బొబ్బలు. ఇవన్నీ చూసుకోవడం నేర్చుకున్నాక కొంచెం కాన్ఫిడెన్స్ దానంతటదే వచ్చి ఉంటుంది, అప్పుడు కౌగిలింత మీ ఇష్టం.

*

"నమస్తే సార్. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గా కొత్తగా చేరాను. 25 ఏళ్ళు, ఏడాది పాప ఉంది. రాత్రి పెట్రోలింగ్ అంటే సాయంత్రం నుంచే గుండె దడ. పైకి చెప్పలేను, ఆడపిల్ల కాబట్టి భయపడుతోంది అంటారు. అత్తగారు రిజైన్ చెయ్యమంటున్నారు. మావారు ఏమీ అనడం లేదు. డైరీలో రోజుకొకటి అడవి గురించి మంచి కొటేషన్ రాసుకుంటున్నాను. పొద్దున ధైర్యం వస్తుంది, సాయంత్రానికి పోతుంది. ఏం చెయ్యను?"
పేరు వద్దు, దోర్నాల వైపు నుంచి

తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మిగతావాళ్ళకు సలహా చెప్పాను, నీకు నా సంగతి చెప్పుకోవాలి.

నా మొదటి పోస్టింగు ఆత్మకూరు వైపు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం మనది, ఆ సంగతి ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాను గానీ ఆ రోజు కాళ్ళు వణికాయి. నాగలూటి నుంచి పెచ్చెరువు వైపు, ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలానికి నడిచే దారిలో, ఒక చెంచు పెద్దాయన వెంట పంపారు. మేమంతా ఆయన్ను పెద్దన్న అనేవాళ్ళం. సినిమాల్లో చూశాను కదా, అడుగులో అడుగేసి, ఆకు చప్పుడు కాకుండా నడుస్తున్నాను. ఒకచోట పొదలోంచి గుప్పుమని ఏదో లేచింది. నేను వెనక్కి తిరిగి పరిగెత్తాను. రాయి తగిలి పడ్డాను, మోకాలికి ఏడు కుట్లు. లేచింది నెమలి.

పెద్దన్న నవ్వలేదు. తువ్వాలు చింపి మోకాలికి కట్టి, ఇలా అన్నాడు: "దొంగ మాదిరి నడుస్తావేంది సారూ? ఎలుగ్గొడ్డుకు చూపు తక్కువ, చెవులూ అంతంతే. నువ్వు మీదికి పోయినాక చూసిందంటే బెదిరి మీద పడతాది. నువ్వొచ్చేది దానికి ముందే తెలియాల. మాట్లాడుకుంటా నడువు."

అడవిలో నాకు ఎవరైనా చెప్పిన మాటల్లో అంత పనికొచ్చింది ఇంకోటి లేదు. తిరుగు దారంతా ఏం మాట్లాడాలో తెలియక ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కం దగ్గర తప్పు పోతే వెనక నడుస్తున్న కుర్ర వాచరు దిద్దాడు.

నువ్వు ఆడపిల్ల కాబట్టి భయపడుతున్నావని అంటారేమో అనుకుంటున్నావు. ఆ వారమే నేను పెద్దన్నతో సిగ్గు విడిచి చెప్పాను, నాకు భయంగా ఉంటోంది, ఈ ఉద్యోగానికి పనికిరానేమో అని. ఆయన చుట్ట ఆర్పి, "భయం లేనోడు ముందు నడిస్తే మేం ఎనక రాం సారూ" అన్నాడు. తరవాత అర్థమైంది. భయం లేనివాడు దుప్పి కూత వినడు. చెట్టు మీద కొండముచ్చు గొంతు మార్చి అరిచినప్పుడు ఆగడు. పులి ఎటు కదులుతోందో ఆ రెండే చెబుతాయి. నీ గుండె దడ నీ చెవుల్ని తెరిచి ఉంచుతోంది. దాన్ని పోగొట్టుకోవాలని చూడకు, దానికి పని అప్పజెప్పు.

భయాన్ని దాచడం మాత్రం దొంగ నడకే. మీ సెక్షన్ ఆఫీసర్‌కి చెప్పు. రాత్రి పెట్రోలింగ్‌కి ఒక్కదాన్నీ వెళ్ళనని, బేస్ క్యాంపు వాచర్లు తోడు ఉండాలని గట్టిగా అడుగు. అది బతిమాలుకోవడం కాదు, పద్ధతే అది. వాకీటాకీలో ఏ టైముకి పలకాలో ముందే అనుకోండి. టార్చికి రెండో జత బ్యాటరీలు నీ బ్యాగులోనే ఉండాలి, జీపులో ఉన్నాయంటే లేనట్టే. మొదటి నెల పగలు నడిచిన దారినే రాత్రి నడువు. గూడెం ఆడవాళ్ళతో స్నేహం చెయ్యి. మా తరంలో మగ గార్డులకు వాళ్ళు ఏమీ చెప్పేవాళ్ళు కాదు, నీకు అన్నీ చెబుతారు. ఆ విషయంలో నువ్వు నాకంటే ముందున్నావు.

ఇక ఇంటి సంగతి. ఒక వేసవిలో చెంచులు కొండచరియ నుంచి తేనె తీస్తుంటే చూశాను. పైన చెట్టు మొదలుకి తాడు కట్టి, ఒకతను పొగబెట్టే ఆకుల కట్ట పట్టుకుని దిగుతున్నాడు. కింద చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. పైన తాడు మీద చెయ్యి వేసి ఒక సన్నటి కుర్రాడు కూర్చున్నాడు. దిగేవాడి అన్నలిద్దరు, ఎద్దుల్లాంటి వాళ్ళు, పక్కన చుట్టలు కాల్చుకుంటున్నారు. వాళ్ళు పట్టుకోవచ్చు కదా అన్నాను. "తాడు బావమరిదే పట్టాల సారూ. అన్నదమ్ములకు ఎప్పుడైనా కోపమొస్తాది, వదిలేస్తారు. వాడు వదిల్తే తెగేది వాళ్ళ అక్క తాళి" అన్నాడు పెద్దన్న. దిగేవాడు సగం దూరం పోయాక తాడును రెండుసార్లు కుదిపాడు. పైనున్న కుర్రాడు "ఊ" అన్నాడు. అప్పుడు మిగతా సగం దిగాడు.

ఆ కొండచరియ మీదికి నువ్వు చెప్పే కొటేషన్లన్నీ తెచ్చినా ఆ "ఊ"కు సాటి రావు.

మీ అత్తగారు రిజైన్ చెయ్యమంటున్నారు, సరే, ఆమె భయం ఆమె బయటికి చెబుతోంది. ఆమెతో నాకు పేచీ లేదు. మీ ఆయన ఏమీ అనడం లేదన్నావు, నాకు తట్టింది ఆ వాక్యం. మౌనంగా తాడు పట్టుకున్నాడో, పక్కన పెట్టి కూర్చున్నాడో నీకు తెలియదు. తెలియకుండా సగం దిగావు. తాడు కుదుపు. రాత్రి డ్యూటీ ఉన్న రోజు పాపను ఎవరు చూస్తారు, నేను వచ్చేదాకా ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది అని సూటిగా అడుగు. "ఊ" అంటే అత్తగారి సంగతి ఆయనే చూసుకుంటాడు. అనకపోతే తాడు పట్టే మనిషి ఇంకెవరైనా ఉన్నారేమో వెతుకు, అమ్మో, తమ్ముడో, పక్క బీట్‌లో నీతో పాటు చేరిన అమ్మాయో. ఎవరూ లేరని తేలితే ఉద్యోగం మార్చుకోవడం పిరికితనం కాదు, నేనైతే అలాగే చెబుతాను. ముందు కుదిపి చూడు.

డైరీ మానకు. కొటేషన్లు ఆపెయ్. నా 1989 డైరీ చెదలు తినగా మిగిలింది, అందులో ఒక రోజు ఇలా ఉంది: "రెండో వాగులో నీళ్ళు మోకాలి దాకా. దుప్పి కూత ఉత్తరాన, మూడుసార్లు. భయం వేసింది. మాట్లాడుకుంటూ నడిచాం. తొమ్మిదింటికి క్యాంపు. అన్నం, గోంగూర." అంతే ఉంది. నాకు ఇప్పటికీ ఏ రాత్రయినా నిద్ర పట్టకపోతే ఆ పేజీ తీస్తాను.

నువ్వు కూడా అలాగే రాయి. వచ్చే ఉత్తరంలో మాత్రం నాకు ఒకటి రాసి పంపాలి: మీ బీట్‌లో నడి వేసవిలో కూడా ఎండని నీటిగుంటలు ఎన్ని, గూడెంవాళ్ళు వాటిని ఏ పేర్లతో పిలుస్తారు. ఆ వైపు నాకు తెలిసినవి ఏడు. ఎనిమిదోది ఒకటుందని పెద్దన్న అంటూ ఉండేవాడు. చూపిస్తానన్నాడు, చూపించకుండానే పోయాడు. గూడెంలో ఎవరైనా ముసలమ్మను అడుగు.